ఊరికి చెప్పిన జబ్బు

కాశీబుగ్గ,
10 జూన్ 2024

భవ్యా,

వదిన ఉత్తరం రాసిందేమిటి, ఫోను పాడైందా అనుకుంటున్నావు కదూ? ఫోను లక్షణంగా ఉంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే, అది మీ అన్నయ్య జేబులో ఉంటుంది. నేను ఫోనులో మాట్లాడితే పెరట్లో కోళ్ళకి కూడా వినపడుతుందని నువ్వే వెక్కిరించేదానివి. అందుకని కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం అన్నాల వేళ, పప్పు పొట్టు తీసే బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. పదో తరగతి పరీక్ష తరువాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే దిద్దుకో.

నాన్చకుండా చెప్పేస్తాను. మీ అన్నయ్యకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. నెల కిందట కాళ్ళు వాచాయి, అన్నం సయించడం మానేసింది. పలాసలో రక్తపరీక్ష చేయించాం. కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, ఆరు దాటింది. మీ నాన్నగారిని తీసుకుపోయిన జబ్బే. మందులూ పథ్యమూ సరిగ్గా ఉంటే కొంతకాలం డయాలిసిస్ లేకుండా నెట్టుకు రావచ్చని డాక్టరు అన్నాడు. ఎంతకాలమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని మీ అన్నయ్య ఒట్టు వేయించుకున్నాడు. మీ నాన్నగారి జబ్బు బయటపడ్డాక నీళ్ళ వల్లే వచ్చిందని మన నూతి నీళ్ళు ఎవరూ ముట్టలేదు, నీకు గుర్తుందో లేదో. తోట పనికి వచ్చేవాళ్ళు సీసాలు వెంట తెచ్చుకునేవారు. పన్నెండో రోజు భోజనాల్లో సగం విస్తళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. "మన ఇల్లు మల్లీ ఊరి నోట్లో పడకూడదే సుధా" అన్నాడు. ఊరికి ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది.

నీకు అసలే చెప్పొద్దన్నాడు. ఎందుకని అడగకు. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను, నీకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియనివ్వకు.

ఇంకొక మాట, మనసు రాయి చేసుకుని రాస్తున్నాను. నువ్వు ఇంటికి రావద్దు. నువ్వు నర్సమ్మలతో తిరిగే ఆ తెల్ల జీపు ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో మనిషి మీద ఆశ వదులుకున్నట్టేనని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అనుకుంటున్నాయి. జీపులో కాకుండా బస్సులో వచ్చినా, నువ్వేం చదువుతున్నావో అందరికీ తెలుసు. నువ్వు టెక్కలిలో ఉన్నావు, గంటన్నర దారి. పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి నీకు జడలు వేసిన దాన్ని, పిల్లలు లేని నాకు పిల్లవు నువ్వే. అలాంటి నిన్ను రావద్దనడానికి నాకు చెయ్యెలా వచ్చిందో మరి.

ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాసి పంపు. ఫ్యాక్టరీలో గుమస్తా రాజకుమారి పేరున పంపితే నాకు అందుతుంది.

నీ వదిన
సుధారాణి

*

టెక్కలి,
14 జూన్ 2024

వదినా,

నీ ఉత్తరం నిన్న అందింది. రాత్రంతా చదువుతూనే ఉన్నాననను, రెండుసార్లు చదివి పక్కన పెట్టాను, మళ్ళీ చూడటానికి ధైర్యం చాలలేదు. ఈ ఉద్దానంలో రోజూ ఎవరో ఒకరి ఇంట్లో ఈ మాటే వింటాను. విని, రాసుకుని, తల ఊపుతాను. మన ఇంటి మాటగా వినడం వేరు.

తినకూడనివన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. ఉప్పు బాగా తగ్గించు. పనస, అరటి, టమాటా వద్దు. అన్నిటికంటే ముందు కొబ్బరి నీళ్ళు వద్దు. కొబ్బరి తోటల మధ్య పుట్టి ఈ మాట రాయడం నాకే విడ్డూరంగా ఉంది, కానీ అందులో పొటాషియం ఎక్కువ. చెడిపోయిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది పెరిగితే గుండె ఆగిపోతుంది. భయపెట్టడానికి కాదు, తెలియాలని రాశాను.

ఇప్పుడు నీ సంగతి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? ఫ్యాక్టరీకి వెళ్ళిన రోజు ఆయన్ని ఎవరు చూస్తున్నారు? నీ నడుం నొప్పి ఎలా ఉంది? బీపీ చూపించుకున్నావా? పొద్దున్న తిన్నావా? ఏడుపొస్తే ఎక్కడ ఏడుస్తున్నావు? ఎవరితోనైనా చెప్పుకుంటున్నావా? ఆయన కసురుకుంటున్నాడా? నువ్వు కసురుతున్నావా? చివరిసారి పుట్టింటికి ఎప్పుడు వెళ్ళావు? తిన్నావా?

నా పరిశోధన ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పాలియేటివ్ కేర్ అంటే చావుకి సాగనంపడం కాదు వదినా. నొప్పీ ఆయాసమూ తగ్గించి, మనిషి ఉన్నన్ని రోజులు మనిషిలా ఉండేటట్టు చూడటం. అరవై ఇళ్ళకి వెళుతున్నాను. అందరూ జబ్బు మనిషిని చూస్తారు, నేను ఆ మనిషిని చూసుకునే మనిషిని చూస్తాను. మన ఇంట్లో ఆ మనిషివి నువ్వు.

రావద్దన్నావు, రాను. పిలవని ఇంటికి వెళ్ళకూడదన్నది మా పనిలో మొదటి నియమం. అది నా పుట్టింటికి కూడా వర్తిస్తుందని ఏనాడూ అనుకోలేదు.

భవ్య

*

కాశీబుగ్గ,
24 జూన్ 2024

పరిశోధకురాలు భవ్యశ్రీ గారికి,

కోపంగా ఉన్నానని మొదట్లోనే తెలియాలని అలా రాశాను. నీ ఉత్తరంలో పదకొండు ప్రశ్నలున్నాయి. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను. ఇంటింటికీ తిరిగి నింపుకునే కాగితం ఏదో ఉందట కదా, అందులోవేనా ఇవి? నన్ను అరవై ఒకటో ఇల్లుగా ఎక్కించుకుంటున్నావా? నేను నా ఆడపడుచుకి రాశాను, యూనివర్సిటీకి కాదు. ఏడుపొస్తే ఎక్కడ ఏడుస్తున్నావట! పశువుల పాకలో. రాసుకో.

పథ్యం కాగితం మాత్రం బియ్యం డబ్బాలో దాచాను. రోజూ బియ్యం తీసినప్పుడల్లా ఒకసారి చదువుతున్నాను. పూజ గదిలో కూడా ఇంత శ్రద్ధ లేదు నాకు.

ఇంటికి ఎవరినీ రానివ్వడం లేదు. ఎవరొచ్చినా పడుకున్నాడని గుమ్మంలోంచే పంపేస్తున్నాను. ఎదుటపడితే మొహం చూసి పసిగట్టేస్తారని భయం. ఆయన మంచం మీద పడుకుని పెంకుల వైపు చూస్తుంటాడు. నిన్న నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి, పొద్దున్న నేను వదిలి వెళ్ళిన పక్కకే తిరిగి ఉన్నాడు. రోజు మొత్తం మీద మాట్లాడింది నాలుగు మాటలు. తోటలో ఉన్నప్పుడు చెట్లతో కూడా మాట్లాడే మనిషి.

తిన్నావా అని రెండుసార్లు అడిగావు. మధ్యలో ఒకసారి, చివర్న ఒకసారి. ఆ రెండోది చదివి మాత్రం కాసేపు బల్ల దగ్గర కదలకుండా కూర్చున్నాను. ఈ నెల రోజుల్లో నన్ను ఆ మాట అడిగింది నువ్వొక్కదానివే.

అయినా కోపం పోలేదు.

సుధారాణి

*

టెక్కలి,
2 జూలై 2024

వదినా,

తప్పు నాదే. అవి నా కాగితంలోని ప్రశ్నలే. నువ్వు పట్టేశావు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు చేతికి వచ్చిన పనిముట్టు పట్టుకున్నాను. అన్నయ్య గురించి వినగానే నాకు వేరే భాష రాలేదు. నీ పేరు గానీ, నువ్వు రాసిన ఒక్క అక్షరం గానీ నా థీసిస్‌లో ఉండదు. మా గైడ్ అపర్ణ మేడంకి కూడా ఈ ఉత్తరాల సంగతి చెప్పలేదు.

కానీ ఒక్క విషయం పరిశోధకురాలిగానే చెబుతాను, తిట్టినా సరే. తలుపులు మూయకు. నందిగాం వైపు ఒకావిడ నీలాగే భర్త కోసం వచ్చేవాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపేసింది. ఆయన ప్రాణం పోవడానికి మూడు నెలల ముందే మాట పోయింది. నోటికి జబ్బు చేసి కాదు, మాట్లాడే పని లేక. ఇంకొక ఇంట్లో రోజూ సాయంత్రం నలుగురు వచ్చి మంచం చుట్టూ పేకాడేవారు. ఆయన చివరి వారం దాకా ముక్కలు దాచి మోసం చేశాడట, వాళ్ళావిడ నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు ఆవిడకి మిగిలింది వదినా. పరామర్శకి వచ్చే మనిషి కూడా మందే. అందరినీ వద్దులే, ఒక్కరిని రానివ్వు. అన్నయ్యకి ఇష్టమైన మనిషిని ఒక్కరిని.

నన్ను రావద్దన్నది అన్నయ్యేనని నాకు తెలుసు. నేను ఈ చదువు మొదలుపెడుతున్నానని చెప్పిన రోజు "సావుల మీద సదువేటే సెల్లీ" అన్నాడు. మొహం తిప్పుకుని తోటలోకి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఎప్పుడూ నా పని గురించి ఒక్క మాట అడగలేదు. నన్ను చదివించిన మనిషికి నా చదువు నచ్చలేదు. అది మోయడం అలవాటైపోయింది, ఇప్పుడు మాత్రం బరువుగా ఉంది.

తిన్నావా? ఇది కాగితంలోది కాదు.

నీ భవ్య

*

కాశీబుగ్గ,
15 జూలై 2024

బంగారు తల్లీ,

కోపం పోయింది. ఎందుకు పోయిందో విను.

మా ఫ్యాక్టరీలో సింహాచలం అని ఒకతను జీడిపిక్కలు కాలుస్తాడు. వాళ్ళావిడ ఇవాళ పొట్టు తీస్తూ నా పక్కన కూర్చుంది. వాళ్ళ మామగారు మొన్న మేలో పోయాడు, అదే జబ్బు. ఆవిడ చెబుతోంది: "తెల్ల జీపులో ఒక పిల్ల వచ్చీదమ్మా. మా మావకి కాలు పుండు తనే కడిగీది. వాసనకి మేమే ముక్కు మూసుకునీవోలం, ఆ పిల్ల మొహంలో ఏటీ కనపడీది కాదు. కడిగీసి, సెయ్యి తుడుసుకుని, నా కాడికొచ్చి 'నిన్న పడుకున్నావా అక్కా' అనీది. మా మావ పోయిన పది దినాల తరవాత కూడా వచ్చింది. ఇంకేటుందమ్మా ఇక్కడ, మావ ఎల్లిపోనాడు కదా అన్నాను. నువ్వున్నావు కదా అన్నాది."

పొట్టు తీసే ఆడవాళ్ళందరూ చేతులు ఆపి విన్నారు. "ఏ తల్లి కన్నాదో" అంది ఒకావిడ. ఆ పిల్ల మా ఆడపడుచే, ఆ జడలు వేసింది నేనే అని అరవాలనిపించింది భవ్యా. అరవలేకపోయాను. అరిస్తే, మరి మీ ఇంటికి ఎందుకు రాదు అని అడుగుతారు. తల వంచుకుని పప్పు ఒలుచుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం కడుపు నిండా గర్వపడ్డాను. టిక్కెట్టు తీసుకోవడం మరిచిపోతే కండక్టరు కసిరాడు, అది కూడా తియ్యగానే వినపడింది.

నీ మాట విన్నాను. తలుపు తీశాను. మన్మథరావు అన్నయ్యని రానిస్తున్నాను. వీధి చివరి ఇల్లు, మీకు వరసకి బావ, మీ అన్నయ్యకి చెడ్డీలనాటి జత. మొదటి రోజు వచ్చి "ఏటి బావా, మంచానికి నువ్వు కాపలానా, నీకది కాపలానా?" అన్నాడు. మీ అన్నయ్య నవ్వాడు. రెండు నెలల తరువాత నవ్వాడు. ఇప్పుడు రోజూ వస్తున్నాడు, వట్టి చేతులతో ఏనాడూ రాడు, పెద్దమనిషి. ఇద్దరూ తిత్లీ తుఫానులో పడిపోయిన చెట్ల పేర్లు చెప్పుకుంటుంటారు. చెట్లకి కూడా పేర్లు పెట్టుకున్నారు వీళ్ళు! నీ చదువు గొప్పదే తల్లీ. ఇంట్లో మళ్ళీ మగగొంతు వినపడుతోంది.

మీ అన్నయ్య కోపం అని రాశావు, అది నీకు తెలియని సంగతి. తీరిగ్గా రాస్తాను, గంట కొట్టారు.

నీ పొగరుబోతు వదిన

*

కోళికోడ్,
24 జూలై 2024

వదినా,

శిక్షణకని కేరళ వచ్చాను, ఆగస్టు మధ్య దాకా ఇక్కడే. నీ ఉత్తరం ఇక్కడికి పంపించారు. అన్నయ్య నవ్వాడన్న చోట కాగితం మడత పెట్టి దాచుకున్నాను.

ఇక్కడ ఒక వీధిలో ఎవరైనా మంచాన పడితే ఆ వీధిలో వాళ్ళే వంతులు వేసుకుని చూస్తున్నారు. చేపలమ్మే మనిషి, బడిపంతులు, ఆటో నడిపే కుర్రవాడు, అందరికీ పుండు కడగడం వచ్చు. నాకు అసూయగా ఉంది. మన దగ్గర ప్రేమ తక్కువా? కాదు, మన్మథరావు బావని చూడు. మరి ఎక్కడ తేడా వస్తుందో ఇంకా అంతు చిక్కలేదు. మేడం అడిగితే తెలియదని చెప్పాను.

బావకి నా తరఫున నమస్కారం చెప్పు. చెప్పలేవు కదూ, మరిచిపోయాను.

భవ్య

*

పలాస,
6 ఆగస్టు 2024

భవ్యా,

మీ అన్నయ్య బతికే ఉన్నాడు. ముందు అది చదువు, తరువాత మిగతాది.

శనివారం పొద్దున్న మంచం దిగబోయి కూలబడ్డాడు. కాళ్ళు మడతపడ్డాయి, చెయ్యి లేవలేదు. "గుండె ఆగీ ఆగీ కొట్టుకుంటన్నాదే" అన్నాడు. మన్మథరావు అన్నయ్య కొబ్బరికాయలు మోసే ట్రాలీ ఆటోలో వేసుకుని పలాస ఆసుపత్రికి తీసుకొచ్చాడు. రక్తం చూసి డాక్టరు పరుగులు పెట్టించాడు. పొటాషియం ఏడు దాటిందట. మెడ దగ్గర గొట్టం పెట్టి అప్పటికప్పుడు డయాలిసిస్ చేశారు. నాలుగు గంటలు ఆ మిషను పక్కన నిలబడ్డాను.

"ఏం తాగించారమ్మా?" అని అడిగాడు డాక్టరు. మన్మథరావు అన్నయ్యని టీ తెమ్మని బయటికి పంపి, కొబ్బరి నీళ్ళు అన్నాను. "ఈ ప్రాంతంలో పుట్టి తాగించకూడదని తెలియదా?" అన్నాడు. తెలుసు అన్నాను. ఆయన నా మొహం వైపు వింతగా చూశాడు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఊరికి ఏదో చెప్పానన్నాను కదా, పచ్చకామెర్లు అని చెప్పాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. పచ్చకామెర్లకి ఉప్పూ నూనే లేని పథ్యమే కదా, చప్పిడి కూడు ఎందుకని ఎవరూ అడగరు. అడగలేదు కూడా. కానీ పచ్చకామెర్లకి మనూళ్ళో మొదటి మందు ఏమిటి? లేత బొండాం. అందరూ తెచ్చేవారు, గుమ్మంలో అందుకుని పాక వెనక పారబోసేదాన్ని. మన్మథరావు అన్నయ్య మాత్రం ఇచ్చి వెళ్ళే మనిషి కాదు. రెండు తెస్తాడు, ఒకటి తాను తాగుతాడు, ఒకటి చేతిలో పెట్టి, "నువ్వు తాగితే గానీ నాను లెగను బావా" అని కూర్చుంటాడు. మొదట్లో రెండు మూడు రోజులకొకసారి. మీ అన్నయ్య నీరసించడం చూసి, కామెర్లు ముదిరిపోయాయని రోజూ తేవడం మొదలుపెట్టాడు.

మీ అన్నయ్యకి తెలియదనుకుంటున్నావా? మీ నాన్నగారి దగ్గర అన్నీ చూసిన మనిషి. తాగే ముందు నా వైపు చూసేవాడు. నేను గోడ వైపు చూసేదాన్ని. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఒక్క మాట భవ్యా, ఒకే ఒక్క మాట నా నోట్లో ఉంది. దాన్ని దాచుకుని ఆయన నోట్లో విషం పోయనిచ్చాను.

నువ్వు తలుపు తియ్యమన్నావని తీశాను. నిన్ను అనడం లేదు. నీకు సగం చెప్పి, సగానికి సలహా అడిగింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

నిన్న మెలకువ వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "సెల్లికి సెప్పీసినావేటి?" లేదన్నాను. "సెప్పకు. ఇన్ని ఇళ్ళు తిరిగి అందరికీ ఆసరా అవతన్నాది. నా సంగతి తెలిసిందంటే అన్నీ వొదిలీసి నా మంచం కాడ కూకుంటాది. అరవై ఇళ్ళోలు దాని కోసం సూత్తంటారు" అన్నాడు. నువ్వు కోపమని మోస్తున్నది ఇది. సావుల మీద సదువన్న రోజు తోటలోకి ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు, వెనకే వెళ్ళాను కాబట్టి. నాన్న కోసమే ఈ చదువు ఎంచుకుందని చెట్టుకి ఆనుకుని ఏడ్చాడు.

ఇక వారానికి రెండుసార్లు మిషను తప్పదు. ఊరికి ఇప్పుడు గుండెజబ్బు అని చెప్పాను. ఇంకా అబద్ధమే ఆడుతున్నాను, చూశావా?

సుధ

*

టెక్కలి,
20 ఆగస్టు 2024

వదినా,

నీ ఉత్తరం పదమూడున అందింది. మర్నాడే రైలెక్కాను. పదహారున పలాస స్టేషనులో దిగాను. అన్నయ్య అప్పటికి ఇంటికి వచ్చేసి ఉంటాడని తెలుసు. ప్లాట్‌ఫారం బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. బయట మన వైపు వెళ్ళే ఆటోవాడు మూడుసార్లు పిలిచాడు. రావద్దన్న మాట నువ్వు ఇంకా వెనక్కి తీసుకోలేదు. టెక్కలి బస్సెక్కేశాను. నన్ను చూసి అన్నయ్య మళ్ళీ ఏదో దాచవలసి వస్తుంది, ఆయనకి ఆ శ్రమ ఇవ్వకూడదనుకున్నాను. అన్నయ్య చెట్టుకి ఆనుకుని ఏడ్చాడన్న చోట మాత్రం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

నువ్వు నిన్ను తిట్టుకోవడం ఆపు. నేను కూడా నన్ను నాలుగు రోజులు తిట్టుకున్నాను. తలుపు తియ్యమన్నాను గానీ, ఊరికి ఏం చెప్పావు అని అడగలేదు. పదకొండు ప్రశ్నలు అడిగిన దాన్ని, అది అడగలేదు. మూడేళ్ళుగా అరవై ఇళ్ళలో ఎక్కడా అడగలేదు. వైద్యం చదవనిదానివి, పథ్యం బయటపడకుండా పచ్చకామెర్లు ఎంచుకున్నావు! నా అరవై ఇళ్ళలో ఇంత తెలివైన అబద్ధం ఎవరూ ఆడలేదు వదినా. ఆ తెలివికి ఒక్క తోడు ఉంటే చాలేది.

వచ్చిన మర్నాటి నుంచి పాత ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాను. మూడు రోజుల్లో పదకొండు ఇళ్ళు. ఒక్కటే ప్రశ్న: ఊరికి ఏమని చెప్పారు? మొదట నవ్వేస్తారు, తరువాత చెబుతారు. ఎనిమిది ఇళ్ళకి రెండో జబ్బు ఉంది. మూడిళ్ళలో పచ్చకామెర్లు, రెండిళ్ళలో నడుంనొప్పి, మిగతావి షుగరు, నీరసం, గ్యాసు. నడుంనొప్పి అని చెప్పిన ఇంటికి చుట్టాలు నొప్పి మాత్రలు తెచ్చి మింగించారు, అవి కిడ్నీకి మరీ చేటు. నీరసం అన్న ఇంటికి పళ్ళరసాలు. ఊరు చెడ్డది కాదు. ఊరికి ఏ జబ్బు చెబితే ఆ జబ్బుకే వైద్యం చేస్తుంది, ప్రేమగా చేస్తుంది. కేరళలో నాకు చిక్కని తేడా ఇదే. మేడంకి ఫోనులో చెప్పాను. ఇది నీకు ఎవరు చెప్పారు అని అడిగింది. పేరు చెప్పడానికి వీల్లేని ఒక పెద్దావిడ అన్నాను. నీకు నలభై రెండే, క్షమించు.

చెప్పెయ్ అని నేను అనను. ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇద్దరి ఇష్టం. విస్తళ్ళు ఖాళీగా మిగిలిన రోజు చూసింది మీరు. నేను ఇక్కడే ఉన్నాను.

నీ భవ్య

*

సీతాపుట్టుగ,
1 సెప్టెంబర్ 2024

భవ్యా,

ఇది ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లో అరుగు మీద కూర్చుని, మీ అన్నయ్య ఎదురుగానే రాస్తున్నాను. నీకు అన్నీ తెలుసని నిన్ననే చెప్పేశాను. ఫోను ఇస్తానన్నాడు. వద్దు, ఇది ఫోనులో అయ్యే మాట కాదన్నాను.

సోమవారం, గురువారం మిషనుకి వెళ్ళి వస్తున్నాం. మెడ గొట్టం మీద కండువా కప్పుకుంటున్నాడు, ఈ ఎండల్లో! ఊరికి గుండె ఇంజెక్షన్లని చెబుతున్నాం. నిన్న సాయంత్రం మన్మథరావు అన్నయ్య వచ్చాడు, చంకలో రెండు బొండాలు. "గుండికి కూడా ఇదే మంచిది బావా, అడిగే తెచ్చినాను" అన్నాడు. అరుగు మీద మీ అన్నయ్య, పక్కన ఆయన. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి పలకరిస్తున్నారు. కత్తితో మూతి చెక్కి ఒకటి మీ అన్నయ్య చేతిలో పెట్టాడు. మీ అన్నయ్య నా వైపు చూశాడు. ఈసారి నేను కూడా ఆయన వైపే చూశాను.

వెళ్ళి చేతిలోంచి తీసుకున్నాను. "అన్నయ్యా, ఇది ఈయన తాగకూడదు. పచ్చకామెర్లూ కాదు, గుండే కాదు. కిడ్నీలు పోయినాయి. ఆ రోజు పడిపోయింది ఈ నీళ్ళకే. తెలిసీ నాను ఊరుకున్నాను, నీ తప్పు కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను, నా గొంతు నీకు తెలుసు కదా. వీధిలో వాళ్ళు వినే ఉంటారు. విననీ. మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు, తరువాత మెల్లగా కండువా తీసి పక్కన పెట్టాడు.

నేను తిట్లు కాచుకుని నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నా చేత విషం పెట్టించినావేటే అంటాడనుకున్నాను. మన్మథరావు అన్నయ్య తన చేతిలో తాగబోతున్న బొండాం అలాగే పట్టుకుని చాలాసేపు దాని వైపు చూస్తూ కూర్చున్నాడు. వీధిలో వాళ్ళు వెళ్ళిపోయాక చిన్న గొంతుతో అడిగాడు. "బావకి క్రియాటినిన్ ఎంతున్నాది సెల్లీ?"

ఆ మాట ఆయన నోటికి ఎలా వచ్చిందో నాకు వెంటనే అర్థం కాలేదు. మీ అన్నయ్యకి అయింది. కళ్ళు తెరిచి "నీకెంతరా?" అన్నాడు.

"నాలుగు. రెండేళ్ళయింది."

రెండేళ్ళు! మన అరుగు మీద కూర్చుని, మీ అన్నయ్యతో పాటు తాగిన బొండాలన్నీ ఆయనా తాగాడు. "నాకూ తెలుసు తాగకూడదని. నువ్వు తాగతంటే నాను వొద్దంటే ఎందుకని అడుగుతారు కదేటి" అన్నాడు. ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడానికి తాగారు భవ్యా. ఇద్దరికీ తెలిసీ. మీ అన్నయ్య ఆయన మెడ చుట్టూ చెయ్యి వేశాడు. ఇద్దరు వయసొచ్చిన మగాళ్ళు వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చారు. నేను రెండు బొండాలూ తీసుకెళ్ళి గేదెకి పోశాను.

మన్మథరావు అన్నయ్య భార్య సుభద్ర వదినకి ఈ సంగతి తెలియదట. రెండేళ్ళుగా ఆవిడ ఉప్పు సరిపడా వేసి వండుతోంది, ఆయన కిక్కురుమనకుండా తింటున్నాడు. మందులు జీడితోటలో దాచుకుంటాడట. ఇవాళ పొద్దున్న మళ్ళీ వచ్చాడు. "దానికి నాను సెప్పలేను సెల్లీ. సెప్పినప్పుడు పక్కన ఎవలన్నా ఉండాల. మీ ఆడపడుచు ఆ పని మీదే కదా తిరుగుతాది, వత్తాదేటి?" అన్నాడు. జీపు వీధిలోకి వస్తే జనం చూస్తారు, పరవాలేదా అన్నాను. "సూస్తే సూడనీ" అన్నాడు.

రా తల్లీ. రావద్దన్న నోటితోనే పిలుస్తున్నాను. జీపులోనే రా. ముందు మన ఇంటికి కాదు, వీధి చివరికి వెళ్ళు. మీ అన్నయ్య కూడా అదే అన్నాడు. సుభద్ర వదిన పక్కన ఎంతసేపు కూర్చోవాలో అంతసేపు కూర్చో, తొందర పడకు. మీ అన్నయ్య ఎదురు చూస్తాడు, చూడనీ. ఆయనకి నేనున్నాను.

వదిన